పదమేఘములో చోటునకు అర్థము కలదా?

ఒక వ్యాసములో ఏ పదము ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించి, ఎక్కువసార్లు వచ్చినదానిని పెద్ద అక్షరములతోను, తక్కువసార్లు వచ్చినదానిని చిన్న అక్షరములతోను గుంపుగా చూపు చిత్రమునకు పదమేఘమని పేరు. పాఠశాలలలో సైతము దీని వాడుక కలదు. అయితే ఇందులో పదము నిలిచిన చోటు ఏమి తెలుపుచున్నది?

1976లో స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రకటించిన పారిస్ పటములో, ప్రజలు ఎక్కువగా జ్ఞాపకముంచుకొన్న స్థలముల పేర్లు పెద్దవిగా నుండెను. అది నగరపటము, కనుక పేరున్న చోటునకు అర్థముండెను. 2008లో జొనాథన్ ఫైన్‌బర్గ్ రూపొందించిన ‘వర్డిల్’ అను పదమేఘ సాధనములో (నేటి పదక్రీడ వేరు) పద్ధతి మరొకటి. ముందుగా పదములను పెద్దదానినుండి చిన్నదానివరకు వరుసపెట్టును. ఒక్కొక్కదానికి నడిమి భాగమున యాదృచ్ఛికముగా చోటు చూపును. అది ముందున్న పదమునకు తగిలినచో, గడియారపు స్ప్రింగువలె విచ్చుకొను సర్పిలరేఖ వెంట కొంచెము కొంచెముగా జరుపుచు, ఖాళీ దొరకినచోట నిలుపును. తగులుటను అక్షరముల అసలు ఆకారమునుబట్టియే పరీక్షించును గనుక, చిన్న పదము పెద్ద అక్షరపు కడుపులో సైతము ఇముడగలదు. పెద్ద రాళ్ల సందులలో గులకరాళ్లు చేరినట్లే ఇదియు.

అమరిక కంటికి ఇంపుగా నుండును. చిక్కంతయు చూచువారికి కలుగు భ్రమలో నున్నది. ‘వరి’ ప్రక్కన ‘తెగులు’ కనబడినచో ఆ రెంటికి సంబంధము కలదని విద్యార్థి తలచును. వ్యాసములో అవి ఒకే వాక్యమున రాకపోయి యుండవచ్చును. అవే పదములతో మరల చిత్రము గీయించినచో ‘తెగులు’ మరొక మూలకు పోవచ్చును. లెక్క మారకయే చోటు మారినదన్న, ఆ చోటు వ్యాసమునుగూర్చి ఏమియు చెప్పుట లేదు. ఖాళీ ఎచ్చట దొరకినదో మాత్రమే చెప్పుచున్నది.

పరిమాణమును సైతము పూర్తిగా నమ్మరాదు. ‘నీరు’, ‘కిరణజన్యసంయోగక్రియ’ చెరి పదిసార్లు వచ్చినను, రెండవది ఎన్నోరెట్లు స్థలము నాక్రమించును. తెలుగులో మరియొక చిక్కు కలదు. ‘నీరు’, ‘నీటిని’, ‘నీళ్లతో’ అనువానిని యంత్రము వేర్వేరుగా లెక్కించినచో, ముఖ్యమైన విషయమే మూడు ముక్కలై చిన్నదిగా కనబడును.

కావున ఉపాధ్యాయులు ఒకే పాఠమునకు రెండు పదమేఘములు గీయించి, వాటి ప్రక్కన కమ్మీ చిత్రమును గూడ ఉంచవలెను. మూడింటిలోను మారనిది ఏది, మారినది ఏది అని విద్యార్థులచేతనే చెప్పించవలెను. మారనిది పదముల లెక్క యొక్కటే యని వారు స్వయముగా కనుగొందురు.