ప్రకటనచిత్రములును వాచకలోపమును

సౌందర్యవర్ణనము కావ్యమునకే చెందిన దని యెంచుట నేఁటికిఁ జెల్లదు. గోడలమీఁదను, పత్రికలయందును, టెలివిజనునందును, చేతిలోని ఫోనునందును గానవచ్చు ప్రకటనచిత్రము ప్రతిదినమును నొక నాయికను వర్ణించుచున్నది. ఆ వర్ణనమును జూచువారిలోఁ బదిపదునైదేండ్ల బాలికలును గలరు. కావ్యనాయికలను గుఱించి గుణదోషవిచారము చేయు పండితు లీ క్రొత్తవర్ణనమును విడిచిపెట్టుట తగదు. ఇందును శబ్దార్థములకును నలంకారములకును సంబంధించిన ప్రశ్నలే కలవు.

ఇచట నొక పూర్వపక్షము పుట్టును. సన్నని నడుము, కలువకన్నులు, బంగారుమేను అనునవి ప్రకటనకర్తలు క్రొత్తగాఁ గల్పించినవి కావు. ప్రబంధకవులు నఖశిఖపర్యంతము వర్ణించిన కవిసమయములే. వారికి లేని దోషము వీరి కేల యని యాక్షేపము. ఇది తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. మన ప్రబంధనాయికలలోఁ బెక్కండ్రు నొక్క మూసలోఁ బోసినట్లుందు రనుట యథార్థము. స్త్రీని నవయవములుగా విడఁదీసి చూచు నలవాటునకు నా కవులును గొంత బాధ్యులే. అయినను రెండు వర్ణనములకును ముఖ్యభేదములు రెండు గలవు.

మొదటిది వాచకమును బట్టిన భేదము. మన్యే, శంకే, నూనమ్ మొదలగు పదములను దండి కావ్యాదర్శమున నుత్ప్రేక్షావ్యంజకములుగాఁ బరిగణించెను. తెనుఁగున 'కాఁబోలు', 'అన్నట్లు' అనునవి యా పనిచేయును. నడుము లేదు కాఁబోలునని కవి చెప్పినపుడు నడుము లేని స్త్రీ కలదని యే పాఠకుఁడును నమ్మఁడు. వాచకము లేని గమ్యోత్ప్రేక్షయందు సైతము ఛందస్సును సంప్రదాయమును నది కల్పన యని తెలుపుచునే యుండును. ఛాయాచిత్రమున కట్టి సూచన లేదు. అది చూచువారికిఁ బ్రత్యక్షప్రమాణముగాఁ దోఁచును. కంప్యూటరు సాయమున నడుము సన్నముచేసి, మచ్చలు తుడిచి, మేనిఛాయ మార్చి చూపిన రూపము అతిశయోక్తియే యయ్యును స్వభావోక్తివేషమున నిలుచును. ఇదియే వాచకలోపము.

ఫ్రాన్సుదేశమున 2017 అక్టోబరు 1వ తేదినుండి యమలునకు వచ్చిన శాసనము, శరీరాకృతిని సన్నముగనో లావుగనో మార్చిన వాణిజ్యచిత్రములపై నవి సవరింపఁబడినవని వ్రాయవలెనని విధించినది. 2022లో నార్వేయందును నట్టి శాసనమే యమలునకు వచ్చినది. ఆలంకారికుల మాటలోఁ జెప్పినచో, లోపించిన వాచకమును మరలఁ జేర్చుటయే యిది. అయితే వాచకము చేర్చినంతమాత్రమున దోషము తీఱలేదు. అట్టి సూచనలతోఁ గూడిన చిత్రములను స్త్రీలకుఁ జూపి చేసిన పెక్కు ప్రయోగములలో స్వశరీరమునెడ నసంతృప్తి తగ్గుట కానరాలేదు. కల్పన యని తెలిసినను బాధ యేల నిలుచును? దీనికి సమాధానము రెండవ భేదమునందుఁ గలదు.

కావ్యమున నుపమేయము స్త్రీముఖము, ఉపమానము చంద్రుఁడు. వ్యతిరేకాలంకారమున నుపమేయమునకే యాధిక్యము చెప్పవలెనని మమ్మటుని మతము. న్యూనత యంతయుఁ జంద్రునిదే. ఎన్ని కావ్యములలోఁ బరాభవము పొందినను జంద్రుఁ డద్దముముందు నిలిచి కంటఁ దడి పెట్టఁడు. ప్రకటనచిత్రమున నీ క్రమము తలక్రిందైనది. చిత్రములోని స్త్రీ యుపమానము, చూచుచున్న బాలిక యుపమేయము, న్యూనత బాలికది. ఆ న్యూనతను బూరించు ద్రవ్య మంగడిలో నమ్మఁబడును. న్యూనతాబుద్ధి పుట్టనిచో ద్రవ్యము చెల్లదు గావున, అది యిచట నాకస్మికదోషము గాదు, ప్రయోజనమే.

ఈ విపర్యాసము బలమెంతటిదో తెలియుటకు, టెలివిజను చిత్రములు క్రొత్తగాఁ బ్రవేశించిన యొక సీమను జూడవలెను. ఫిజీదీవులలోని నాడ్రోగా ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చెను. అచటి యాదిమజాతివారు పరంపరగాఁ బుష్టిగల దేహమునే మెచ్చుచుండిరి. ఆన్ బెకర్ అను వైద్యపరిశోధకురా లా సంవత్సరమున 63 మందిని, 1998లో 65 మందిని ఆ జాతి పాఠశాలబాలికలను బరీక్షించి, 2002లో ఫలితములను బ్రకటించెను. ఆహారవిషయకమైన మనోవికారలక్షణములు గలవారు నూటికి 12.7 నుండి 29.2కుఁ బెరిఁగిరి. సన్నఁబడుటకై బలవంతముగా వాంతి చేసికొనువారు మొదట నొక్కరును లేరు. మూఁడేండ్లకు నూటికి 11.3 మంది యైరి. ఆ సీమ బాలికల ముందు నిలిచిన యుపమానము మాఱినది.

మన దేశమున నీ విపర్యాసము వర్ణవిషయమున మిక్కిలి స్పష్టము. 1975లో వెలువడిన 'ఫేర్ అండ్ లవ్లీ' యను లేపనము పేరునందు రెండు విశేషణములు సముచ్చయముచేఁ గూర్పఁబడినవి. నిత్యము వినుటచేత నా సాహచర్యమే వ్యాప్తిగా మాఱి, తెలుపు లేనిచోట సొగసు లేదను ననుమానము బాలిక మనసున నాటుకొనును. నల్లని మేనివారిని దుఃఖితులుగను, ఆకర్షణ లేనివారిగను జూపరాదని భారతీయ ప్రకటనప్రమాణమండలి 2014లో నియమము చేసినది. 2020లో లేపనము పేరినుండి మొదటి విశేషణము తొలఁగి, దాని స్థానమున 'గ్లో' అను పదము వచ్చినది. స్థానివద్భావ మెఱిఁగిన వైయాకరణున కిందు వింత లేదు. ఆదేశము వచ్చినను స్థానిధర్మము వెంటనే పోదు.

ప్రాచీనవాఙ్మయమున నీ వ్యాప్తికి భంగము స్పష్టముగాఁ గలదు. భారతమున ద్రౌపదికి మేనినలుపును బట్టియే కృష్ణ యను పేరు గలిగెను; ఆమె సౌందర్యమో లోకప్రసిద్ధము. సత్యవతికిఁ గాళి యను నామాంతరము గలదు. మేఘసందేశమున యక్షపత్నిని వర్ణించు శ్యామాశబ్దమునకు, మెదకుసీమలోని కొలిచారమువాఁడని ప్రసిద్ధిగల మల్లినాథసూరి యువతి యను నర్థము చెప్పెను. ఆ యర్థమునకుఁ గోశప్రమాణము గలదు గావున నది త్రోసివేయఁదగినది కాదు. కాని పాఠము చెప్పునపుడు వర్ణార్థమును బొత్తిగా మఱుఁగుపఱచుటయుఁ దగదు. సభలోఁ గూర్చున్న నల్లని పిల్లకు, తన మేనిఛాయను దెలుపు మాట యొక మహాకవి నాయికకుఁ జెల్లినదని వినుట యల్పవిషయము కాదు.

కావున నీ దోషమునకుఁ బ్రతిక్రియ శాసనకర్తలచేతనే కాక, అలంకారపాఠము చెప్పు పండితులచేతను గలదు. ఉపమయు వ్యతిరేకమును బోధించు దినమున నొక ప్రకటనచిత్రమును బల్లపై నుంచి, ఇందుపమాన మేది, ఉపమేయ మెవరు, వాచక మేల లేదు, న్యూనత యెవరిపైఁ బడినది యని విద్యార్థినులను బ్రశ్నింపవలెను. ఇది పాఠ్యక్రమమునకు వెలియైన పని కాదు. లక్షణమునకు లక్ష్యము చూపుటయే. బాలికల యాకృతినిగాని ఛాయనుగాని పరిహాసమున కుదాహరణముగాఁ గొను నలవాటు తరగతిగదిలో నున్నచో దానిని మొదట మానవలెను. ఆ పరిహాసమునందును నుపమేయముగా నిలుచునది యా బాలికయే.