డ్రీమ్ థియేటర్ వారి మూడు సంపుటములు

సంగీతవిమర్శకులలో నొక తెగవారు వాయించువాని నైపుణ్యమునే రసమని భ్రమింతురు. వేరొక తెగవారు నైపుణ్యము కనబడిన చోటనెల్ల రసము లేదని తలంతురు. ఈ రెండు తలంపులును సరికావని చూపుటకు అమెరికా దేశపు 'డ్రీమ్ థియేటర్' బృందము తగిన యుదాహరణము. వీరిది 'ప్రోగ్రెసివ్ మెటల్' అను జాతి సంగీతము. ఎలెక్ట్రిక్ గిటారుల గర్జనము దాని దేహము. తాళగతులను మాటిమాటికి మార్చుచు దీర్ఘములైన రచనలు కట్టుట దాని స్వభావము. ఇండ్లలోని పెద్దలు దీనిని వట్టి రొదయని తలుపు మూసికొందురు. రొద కొంత కలదు. అంతయు రొద కాదు.

1985లో బోస్టను నగరమందలి బెర్క్లీ సంగీత కళాశాలలో చదువుచుండిన జాన్ పెట్రుచి, జాన్ మ్యుంగ్, మైక్ పోర్ట్‌నాయ్ అను మువ్వురు ఈ బృందమును నెలకొల్పిరి. వీరి ఆల్బములలో మాకు మిక్కిలి ప్రియమైనవి మూడు.

మొదటిది 1992లో వెలువడిన 'ఇమేజెస్ అండ్ వర్డ్స్'. ఇందలి 'పుల్ మి అండర్' అను పాట హామ్లెట్ నాటకమునుండి భావము గ్రహించినది. ఎనిమిది నిమిషములకు మించియు జనాదరము పొందినది. అది ముగింపునకు రాకయే తటాలున తెగిపోవును. మృత్యువు రాకయు నట్టిదే గదా! ఇచ్చట చమత్కారము భావమునకు దాస్యము చేయుచున్నది.

రెండవది 1999 నాటి 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'. నికొలస్ అను యువకుడు వైద్యుడు కల్పించిన మోహనిద్రలో, 1928లో హత్యకు గురియైన విక్టోరియా యను యువతి తన పూర్వజన్మమని తెలిసికొనును. కాదంబరి చదివినవారికి జన్మాంతరకథ క్రొత్త కాదు. కాని బాణుని కథలో పునర్జన్మము విడిపోయిన ప్రేమికులను కలుపును. ఇచ్చట నది హంతకుని పాపమును గూడ వెంట దెచ్చును. ఇందు 'ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' యను వాద్యరచనలో తాళము నూరుసారులకు పైగా మారునని లెక్కింతురు. దానిని విడిగా వినినచో గారడివలె తోచును. కథాక్రమమున వినినచో, కొంత తడవునకు వచ్చు 'ది స్పిరిట్ క్యారీస్ ఆన్' అను ప్రశాంతగీతమునకు ముందు రేగిన తుపానని తెలియును. ఆ తుపాను లేనిదే ఆ శాంతికి విలువ లేదు.

మూడవది 2002 నాటి 'సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఇన్నర్ టర్బులెన్స్'. దీని రెండవ డిస్కంతయు నలువది రెండు నిమిషముల యొకే రచన. మనోవ్యాధులతో బాధపడు ఆరుగురి కథలిందు గలవు. యుద్ధస్మృతులు వదలని సైనికుడు వారిలో నొకడు. ఇట్టి రోగులను గదిలో దాచి, బంధువులకు తెలియనీయని కుటుంబములు నేటికిని లేకపోలేదు. వారిని పేరెత్తి పలుకరించిన ఈ రచన అట్టి యిండ్లవారు వినదగినది.

ఈ సంపుటమందే 'ది గ్లాస్ ప్రిజన్' అను పాటతో పోర్ట్‌నాయ్ తన త్రాగుడునుండి విముక్తుడైన వృత్తాంతము నారంభించెను. 2009 వరకు వరుసగా ఐదు సంపుటములలో ఐదు పాటలుగా దానిని ముగించెను. వెనుకటి పాటలోని స్వరములు ముందటి పాటలో మరల మరల తలయెత్తును. త్రాగుబోతును దూషించు నుపన్యాసములు మనము పెక్కు వింటిమి. వ్యసనము ఒక్క ప్రతిజ్ఞతో పోదనియు, విడిచితిననుకొన్నది వెన్నంటి వచ్చుచుండుననియు నింత స్పష్టముగ జెప్పినవి అరుదు. త్రాగినవాడే పలుకుటచే దీనికీ బలము గలిగినది.

అయినను వీరి దీర్ఘరచనలన్నియు నిట్టివి కావు. 2016 నాటి 'ది ఆస్టోనిషింగ్' రెండు గంటలకు మించినది. కథ పలుచన, విస్తారము మిక్కుటము. ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమని నిర్ణయించిన క్షేమేంద్రుడు దీనిని మెచ్చియుండడు.

కావున వ్రేళ్ల వేగమునే కొనియాడు యువకులారా, ఆ వేగము ఎవరి దుఃఖమును చెప్పుటకు వచ్చినదో విచారింపుడు. తలుపు మూసికొను పెద్దలారా, మూడవ సంపుటపు రెండవ డిస్కును ఒక్కసారి తుదివరకు విని, ఆపై మీ తీర్పు చెప్పుడు.