ఆముక్తమాల్యదయందలి సేనానీతి - చతురంగసంప్రదాయము

తెలుగు ప్రబంధములలో దండయాత్రావర్ణనము వచ్చినచోట చతురంగబలములు కదలుట పరిపాటి. ఈ సంప్రదాయమునకు ఆధారమైన గణనము భారతాదిపర్వమున గలదు. నన్నయభట్టారకుడు దానిని తెనిగించెను. రథము, ఏనుగు ఒక్కొక్కటియు, గుఱ్ఱములు మూడును, కాల్బంట్లు అయిదుగురును గలిసినది పత్తి. అది సేనాముఖము, గుల్మము మొదలుగా మూడేసి రెట్లు పెరిగి, అనీకిని పదిరెట్లయినప్పుడు అక్షౌహిణి యగును. అందు 21,870 రథములు, అన్నియే యేనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 కాల్బలము. గణితము నిర్దుష్టము. అది పదునాఱవ శతాబ్దపు సేనకు కొలతగా నుండునా యనునది విచార్యము.

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు కుమారునకు రాజ్య మప్పగించుచు జేసిన రాజనీత్యుపదేశము సుప్రసిద్ధము. దీనిని కౌటిల్యకామందకుల మాటలకు ప్రతిధ్వనిగా మాత్రమే యెంచుట కలదు. శాస్త్రచ్ఛాయలు లేవనరాదు. అయినను సేనను గూర్చి కృష్ణదేవరాయలు పట్టుపట్టి చెప్పినది వ్యూహములను గూర్చి కాదు, సంభారములను గూర్చి. ఆయమున నాలుగింట రెండుపాళ్లు బలపోషణమునకు వినియోగింపవలె ననును. దూరద్వీపములనుండి యేనుగులను, గుఱ్ఱములను దెచ్చు వర్తకులకు ఊళ్లును, మంచి యిండ్లును, కొలువున దర్శనమును, తగిన వెలయు నిచ్చి, ఆ సరకు శత్రువులకు జేరకుండ జూచుకొమ్మనును. ఈ మాటల బరువు సమకాలికవృత్తాంతములతో పోల్చినగాని తెలియదు.

1535-37 నడుమ విజయనగరమున నుండిన పోర్చుగీసు అశ్వవర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ 1520 నాటి రాయచూరు దండయాత్రను వర్ణించెను. అతని లెక్కలో ముందునడచిన కామనాయకుని దళమున 30,000 కాల్బలము, 1,000 గుఱ్ఱములు, 6 ఏనుగులు. తరువాతి దళమున 50,000 కాల్బలము, 2,000 గుఱ్ఱములు, 20 ఏనుగులు. మూడవదానియందు 60,000, 3,500, 30. నాల్గవదానియందు 1,00,000, 5,000, 50. రథము పేరే లేదు. పత్తియందు ఏనుగొకదానికి గుఱ్ఱములు మూడు. ఇచట నూటికి తక్కువ కావు. పత్తియందు మూడు గుఱ్ఱములకు అయిదుగురు బంట్లు. ఇచట గుఱ్ఱమొకదానికే పదియేడుగురు మొదలు ముప్పదిమంది వఱకు గలరు. కామనాయకుని కాల్బలమున విలుకాండ్రు, డాళ్లవారు, బల్లెములవారితో పాటు తుపాకులవారును గలరు. ఈ తుపాకివానికి ప్రాచీనగణనమున వేరుగ చోటు లేదు.

నూనిజ్ సంఖ్యలు అతిశయోక్తులని యాక్షేపింపవచ్చును. కాల్బలసంఖ్య నమ్మదగినది కాదనుట న్యాయమే. అయినను దానిని పదవవంతునకు దించినను ఏ దళమును పత్తి నిష్పత్తికి దిగదు. గజాశ్వముల యంతర మట్లే యుండును. కావున వాదము సంఖ్యల పరిమాణముపై గాక వాని పొందికపై నిలుచును.

ఈ పొందికకు కారణము నాయంకరవ్యవస్థయందు దొరకును. అచ్యుతదేవరాయల కాలమున మంత్రియైన సాళ్వనాయకుడు 11 లక్షల వరహాల రాబడి గల సీమల ననుభవించుచు 30,000 కాల్బలమును, 3,000 గుఱ్ఱములను, 30 ఏనుగులను సిద్ధముగా నుంచవలసియుండెనని నూనిజ్ వ్రాసెను. కాల్బంటు సీమయందే దొరకును. మేలుజాతి గుఱ్ఱము సముద్రము దాటి రావలయును. రాజు ఏటేట 13,000 ఓర్ముజు గుఱ్ఱములను, వానితోపాటు దేశవాళీ గుఱ్ఱములను గొని, మేలైనవానిని తన శాలకు ఎన్నుకొని, తక్కినవానిని నాయకుల కిచ్చి ధనమార్జించెనని అతడే చెప్పెను. గుఱ్ఱముతో వ్యయము ముగియదు. డొమింగో పాయెజ్ చూచిన కవాతులో రౌతుల పట్టుకవచములు పచ్చితోలు పొరలతో, ఇనుపరేకులతో గట్టిపఱుపబడినవి. ఆయమున సగము సేనకే యన్న మాట యిందువలన కవిసమయముగా గాక గృహస్థుని జమాఖర్చువలె తోచును. రేవును పట్టినవాడు గుఱ్ఱమును పట్టును. గుఱ్ఱమును పంచువాడు నాయకులను అదుపున నుంచును. వర్తకసత్కారపద్యమునకు ఇదియే తాత్పర్యముగా గ్రహింపదగును.

ఇంతమాత్రమున ఆముక్తమాల్యద సేనాపట్టిక కాజాలదు. ఏ నాయకునకు ఎంతబలమో అది చెప్పదు. నీతియే దాని విషయము. అట్లే నన్నయగారి లెక్క అసత్యమనుటయు తగదు; అది ఇతిహాసమునకు చెల్లిన మానము. దోషమెల్ల నొకదాని మానమును వేఱొకదానికి తగిలించుటయందే యున్నది. చతురంగమనునది ప్రబంధమున సేనకు పేరు మాత్రమే గాని సేనాగణనము కాదు. ఈ భేదము విద్యార్థులకు మొదటనే తెలిపినచో దండయాత్రాపద్యములు అలంకారముగను, రాజనీతిపద్యములు అనుభవముగను వేర్వేఱ రుచించును.