క్రిమికి రంగు ఎవరు వేశారు?

క్షయ క్రిమి ఏ రంగులో ఉంటుంది? లేబరేటరీలో పనిచేసిన మన డాక్టర్లని అడిగితే ఎరుపు అంటారు. 1882లో బెర్లిన్‌లో ఆ క్రిమిని లోకానికి చూపించిన రాబర్ట్ కాక్‌ని అడిగి ఉంటే నీలం అనేవాడు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. రంగు క్రిమిది కాదు, అద్దకానిది. కాక్ అద్దినది నీలి రంగు. తరవాత వచ్చిన జీల్-నీల్సన్ పద్ధతిలో అద్దేది ఎర్ర రంగు. ఏమీ అద్దకపోతే ఆ క్రిమి గాజుపుల్లలా కనిపించీ కనిపించకుండా ఉంటుంది.

ఈ సంగతి గుర్తుంచుకుని చూడవలసిన పాత అమెరికన్ పుస్తకం ఒకటుంది. జార్జ్ మిల్లర్ స్టర్న్‌బర్గ్ రాసిన ‘ఎ మాన్యువల్ ఆఫ్ బాక్టీరియాలజీ’ 1892లో న్యూయార్క్‌లో అచ్చయింది. ఆయన అమెరికా సైన్యంలో డాక్టరు. 1893లో సర్జన్ జనరల్ అయ్యాడు. పుస్తకంలో మూడు రకాల బొమ్మలున్నాయి: హీలియోటైప్ పద్ధతిలో అచ్చువేసిన ఫొటోలు, రాతి అచ్చు మీద తీసిన రంగుల బొమ్మలు, 268 చెక్కుడు బొమ్మలు.

ఫొటో ఉండగా చేతిబొమ్మ దేనికి? కాక్ 1877లోనే బేక్టీరియా ఫొటోలు ప్రచురించి, గీసేవాడి అభిప్రాయం చొరబడని సాక్ష్యం ఫొటోయేనని వాదించాడు. స్టర్న్‌బర్గ్‌కీ ఫొటో అంటే మక్కువే. సూక్ష్మదర్శినితో ఫొటోలు తీయడం ఎలాగో చెబుతూ 1883లో ఒక పుస్తకమే రాశాడు. కాని ఆనాటి ఫొటో పలక మీద నీలి వెలుగు బాగా పనిచేసేది, ఎరుపు, పసుపు వెలుగులు అంతగా పనిచేసేవి కావు. నీలం అద్దిన క్రిమి ఫొటోలో వెలవెలబోయేది. అందుకని ఫొటో కోసం గోధుమరంగు అద్దేవారు. అంటే చేతి ప్రమేయం లేదనుకున్న ఫొటోలోనూ ఏది కనిపించాలో మనిషే ముందుగా నిర్ణయించాడన్నమాట. పైగా ఫొటోలో ఒక్క లోతే స్పష్టంగా పడుతుంది. గీసేవాడు మర తిప్పుతూ పైనా కిందా చూసి, అన్నీ ఒకే బొమ్మలో పెట్టగలడు. ఫొటో మీద అంత మక్కువ ఉన్నవాడు కూడా చేతిబొమ్మని వదలకపోవడం ఈ పుస్తకంలో నాకు నచ్చిన గుణం.

ఇటువంటి బొమ్మలు చేసిన మేలు చిన్నది కాదు. క్షయ వంశంలో వస్తుందన్న నమ్మకం అమెరికాలోనూ ఉండేది, మన ఊళ్ళలోనూ ఉండేది. ‘ఆ ఇంట్లో క్షయ ఉంది’ అని పెళ్ళి సంబంధాలు తప్పిపోయిన కుటుంబాలు మనకి తెలియనివి కావు. ఆ మచ్చ వంశానిది కాదని క్రిమి బొమ్మ సాక్ష్యం చెప్పింది. కాని ఆ బొమ్మలో ఉన్నది క్రిమి ఒక్కటే. గాలి ఆడని గది, చాలీచాలని తిండి, కిక్కిరిసిన అద్దె ఇళ్ళు బొమ్మలోకి రాలేదు. దాంతో వంశం మీది నింద పక్కింటివాడి దగ్గు మీదకీ, కొత్తగా వలస వచ్చినవాడి మీదకీ జరిగింది.

అది మనదాకా వచ్చిన నిందే. చిన్నప్పుడు ఇండియాలో బీసీజీ వేయించుకుని ఇక్కడ చర్మపరీక్ష చేయించుకుంటే ముంజేయి గట్టిపడి వాచడం మనలో చాలామందికి అనుభవమే. ఆ వాపు బీసీజీ వల్ల కావచ్చు, ఒంట్లో నిద్రపోతున్న క్రిమి వల్ల కావచ్చు. నిద్రపోతున్న క్రిమి మరొకరికి అంటుకోదు. అమెరికాలో ఉండి గ్రీన్‌కార్డుకి అర్జీ పెట్టేవారికి 2018 నుంచి బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష చేస్తున్నారు. అయినా ‘పాజిటివ్’ అన్న మాట వినగానే మన కళ్ళముందు ఆడేది ఆ ఎర్రటి పుల్లల బొమ్మే.

ఈనాటి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఇచ్చేది నలుపు తెలుపు బొమ్మ. పత్రికల్లో మనం చూసే ఊదా, నారింజ రంగులు తరవాత కంప్యూటర్‌లో పూసినవి. స్టర్న్‌బర్గ్ పుస్తకంలో మూడు రకాలూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి కనక పోల్చుకునే వీలుంది. ఇప్పటి బొమ్మ ఒంటరిగా వస్తుంది, భయపెట్టి పోతుంది. సైన్సు ప్రాజెక్టుకని మన పిల్లలు అటువంటి బొమ్మ అతికిస్తున్నప్పుడు, దీనికి ఈ రంగు ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఒక్క మాట అడిగి చూడండి.