దేవుడు వేసిన కుట్టు కాదు

అమెరికాలో హెచ్.బి.ఓ. టెలివిజన్ కోసం 2004లో తీసిన ‘సమ్‌థింగ్ ద లార్డ్ మేడ్’ వివియన్ థామస్ అనే నల్లజాతి మనిషి జీవితకథ. దర్శకుడు జోసెఫ్ సార్జెంట్. ఆ యేడు ఉత్తమ టెలివిజన్ చిత్రంగా ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది. దళిత విద్యార్థులు తప్పక చూడాల్సిన సినిమా అనే మేం అంటాం. అయితే దాని పేరు దగ్గరే మాకు పేచీ ఉంది.

థామస్ వడ్రంగి కొడుకు. తానూ వడ్రంగే. డాక్టరు చదువు కోసం కూడబెట్టుకున్న డబ్బు 1929 తర్వాతి మాంద్యంలో పోయింది. 1930లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ అనే తెల్ల సర్జన్ ల్యాబులో చేరాడు. ప్రయోగాలు చేసేది తను, జీతం మాత్రం ఊడ్చేవాళ్ళ లెక్కలో. 1941లో బ్లాలాక్ వెంట బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌కు పోయాడు. గుండెలోపంతో పుట్టి, రక్తానికి ప్రాణవాయువు చాలక నీలంగా మారే పిల్లల్ని ఎట్లా బతికించాలన్నది అక్కడి పిల్లల డాక్టరు హెలెన్ టౌసిగ్ వాళ్ళ ముందు పెట్టిన సమస్య. చేతికి పోయే రక్తనాళాన్ని ఊపిరితిత్తుల నాళానికి కలిపి కుట్టే పద్ధతిని సుమారు 200 కుక్కల మీద చేసి చేసి ఖాయం చేసింది థామసే. 1944 నవంబరు 29న మొదటి బిడ్డకు ఆపరేషన్ జరుగుతుంటే బ్లాలాక్ భుజం వెనక స్టూలు మీద నిలబడి, కుట్టు ఎటు వెయ్యాలో చెప్తూ పోయాడు. అప్పటికి ఆ ఆపరేషన్ని బ్లాలాక్ కుక్క మీద చేసింది ఒక్కసారే, అదీ థామస్ సాయంతో.

సినిమా పేరు బ్లాలాక్ నోటి మాట. థామస్ వేసిన కుట్టు చూసి, దేవుడు చేసినట్టుందని మెచ్చుకున్నాడట. ఈ మెచ్చుకోలు మనకు కొత్తది కాదు. డప్పు కొట్టినా, చెప్పు కుట్టినా ‘వాళ్ళకు పుట్టుకతోనే వచ్చు’ అంటారు గదా! పుట్టుకతో వచ్చిందంటే నేర్చుకున్నది కాదని అర్థం. నేర్చుకున్నది కాకపోతే అది విద్య కాదు. విద్య కానప్పుడు దానికి జీతమెందుకు, పేరెందుకు? థామస్ కుట్టు వెనక ఉన్నది దేవుడు కాదు. తండ్రి దగ్గర చెక్క మీద సాగిన చెయ్యి, చదివిన పుస్తకాలు, పదేళ్ళకు పైబడిన ప్రయోగాలు.

మోస్ డెఫ్ ఈ పాత్రను గొంతు పెంచకుండా చేశాడు. కళ్ళు దించుకున్నప్పుడు కూడా లొంగినట్టుండడు. బ్లాలాక్‌గా అలాన్ రిక్‌మన్ దుర్మార్గుడిగా కనిపించడు, అది ఇంకా మంచిది. మనమెరిగిన ‘మంచి’ అగ్రవర్ణ గైడులు అట్లాగే ఉంటారు. హోటల్లో సన్మానం జరుగుతుంటే థామస్ మొక్కల చాటున నిలబడి బ్లాలాక్ ఉపన్యాసం వింటాడు. అందరి పేర్లూ వస్తాయి, తన పేరు రాదు.

సినిమా జారిపోయిందీ ఇక్కడే. అన్యాయాన్ని మనసు నొచ్చుకోవడంగా మార్చింది కాబట్టి దానికి మందు కూడా దొర కృతజ్ఞతే అయింది. థామస్ అన్న హెరాల్డ్ నాష్‌విల్‌లో టీచరు. నల్ల టీచర్లకు తెల్లవాళ్ళతో సమాన జీతం కోసం కోర్టుకెక్కి 1942లో గెలిచాడు. ఒకే ఇంట్లోంచి రెండు దారులు! ఆ రెండో దారికి సినిమాలో దక్కిన చోటు చాలా తక్కువ. ఓపిక పట్టు, పనితనం చూపించు, ఒకనాటికి గుర్తిస్తారు అన్నదే సినిమా బాణీ. మన హాస్టళ్ళల్లో ఈ మాట వినని పిల్లలున్నారా?

చివర్లో థామస్ చిత్రపటం హాప్‌కిన్స్ గోడకెక్కుతుంది. నిజంలో అది జరిగింది 1971లో, బ్లాలాక్ చనిపోయిన ఏడేళ్ళకు. ఆ పటం వేయించింది థామస్ చేతికింద పని నేర్చిన సర్జన్లు. 1976లో యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, అదీ వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో! పరిశోధన చేసే మిత్రులకు పటం కంటే ఇంకో కాగితం ముఖ్యం. 1945లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో ఆ ఆపరేషన్ గురించి బ్లాలాక్, టౌసిగ్ రాసిన వ్యాసంలో థామస్ పేరు ఎక్కడా లేదు. దశాబ్దాల పాటు ఆ ఆపరేషన్ని వాళ్ళిద్దరి పేరుతోనే పిలిచారు. నడుమ థామస్ పేరు చేర్చి రాయడం ఈమధ్యనే మొదలైంది.