గాలి తెలిసిన పొయ్యి

గుత్తి చుట్టుపక్కల పల్లెల్లో పొయ్యిలోకి కట్టె ఏనాడూ తేలిగ్గా దొరకలేదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. గుత్తి కోట కట్టిన కొండ చూసినా రాయే ఎక్కువ, చెట్టు తక్కువ. రైలు వచ్చాక కలప బయటి నుంచి వచ్చేది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు సాలీడును పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1899లో లోకానికి చూపించాడు. ఇప్పటికీ దానికి గుత్తి పేరే ఉంది. కానీ దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు నడుమ ఉన్న నల్లమల అడవి. దుంగలతో పాటు రైలెక్కి ఇక్కడ దిగిందని అంటారు. ఇక్కడి నేల తన పొయ్యికి తాను పెట్టుకున్నది మాత్రం అడవి సొత్తు కాదు, చేని సొత్తు. అది శనక్కాయ పొట్టు.

కాయ ఒలిస్తే బరువులో పావువంతుకు పైగా పొట్టే వస్తుంది. కిలో ఎండు పొట్టులో సుమారు నాలుగు వేల కిలోకేలరీల వేడి ఉంటుంది, అంటే ఎండుకట్టెకు ఏమంత తీసిపోదు. చిక్కల్లా అది తేలికగా, బోలుగా ఉండటంలోనే ఉంది. మూడు రాళ్ల పొయ్యిలో గుప్పెడు వేస్తే భగ్గుమని లేస్తుంది, రెండు నిమిషాల్లో చల్లారుతుంది, మిగిలిన కాలమంతా పొగే. అందుకే పొట్టును ‘పేదల ఇంధనం, పొగ ఇంధనం’ అని పక్కన పెట్టేస్తుంటారు. ఆ తప్పు పొట్టుది కాదు, కూరడం తెలియకపోవడానిది. పొగ అంటే కాలకుండా పైకి పోయిన పొట్టే. దానికి కావలసినంత గాలి, కావలసినంత వేడి ఒకేచోట అందితే అదే పొగ మంటవుతుంది. పొట్టు పొయ్యి నేర్పు మొత్తం ఇదే.

పదిహేను కిలోల పాత నూనె డబ్బా ఒకటి చాలు. పైమూత కోసేసి, అడుగుకు ఆనుకుని ఒక పక్క రెండంగుళాల రంధ్రం పెడతారు. మణికట్టు లావున్న నున్నటి కర్రను డబ్బా నడుమ నిలబెట్టి, పక్క రంధ్రంలోంచి ఇంకో కర్ర దూర్చి, రెండూ అడుగున తాకేట్టు పట్టుకోవాలి. ఒకరు కర్ర పట్టుకుంటే ఇంకొకరు కూరాలి. శనక్కాయ పొట్టును ఉన్నదున్నట్టు పోస్తే పనికిరాదు. పెంకుల మధ్య సందులుండి, నిప్పు ఒక చోట కాకుండా డబ్బా అంతా పాకి ఊపిరాడనీయని పొగ పెడుతుంది. కాళ్లతో తొక్కో రోట్లో దంచో నలగ్గొట్టి, వీలైతే సామిల్లు రంపపు పొట్టు సగానికి సగం కలపాలి. నాలుగు వేళ్ల మందం పోయడం, చిన్న రోకటితో చుట్టూ దిమ్మిస కొట్టడం, మళ్లీ నాలుగు వేళ్లు పోయడం. అంచుకు మూడు వేళ్లు కిందికి వచ్చేదాకా ఇదే పని. చివర కర్రలను లాగకూడదు. నెమ్మదిగా తిప్పుతూ, ముందు పక్కది, తర్వాత నిలువుది తీయాలి. లోపల మోచెయ్యి మడిచినట్టు ఒక దారి మిగులుతుంది. కింద గాలి లోనికి వస్తుంది, పైన మంట బయటికి వస్తుంది.

పక్క రంధ్రంలో రెండు ఎండు కంప పుల్లలు, నూనెలో తడిపిన గుడ్డపేలిక పెట్టి వెలిగిస్తారు. మొదటి నాలుగైదు నిమిషాలు పొగ రావడం సహజం. ఆ తర్వాత నిలువు దారి గోడలు ఎర్రబడతాయి, లోపలి నుంచి సన్నని బుస్సుమనే శబ్దం మొదలవుతుంది, పైరంధ్రంలో పసుపు మంట చుట్టలు తిరుగుతూ లేస్తుంది. ఆ శబ్దం వినబడ్డాకే గిన్నె పెట్టాలి. ముందే పెడితే చల్లటి గిన్నె అడుగు మంటను నొక్కేసి మసి పూస్తుంది. గిన్నెకూ డబ్బా అంచుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండటానికి మూడు రాతి ముక్కలు పెట్టడం మరవకూడదు. గట్టిగా కూరిన డబ్బా ఎవరూ చూడకపోయినా గంటల తరబడి కాలుతుంది. సంగటికి ఎసరు పెట్టి, కూర వండి, స్నానాలకు నీళ్లు కాచినా ఇంకా నిప్పు మిగిలే ఉంటుంది.

ఇక పొయ్యి మొరాయించినప్పుడు. ఎక్కువమంది చేసే పని పైనుంచి చువ్వతో పొడవడం. దాంతో గోడ కూలి దారి మూసుకుపోతుంది, పొయ్యి చచ్చిపోతుంది. పెద్దావిడ పక్కనుంటే వెంటనే చెయ్యి పట్టుకుంటుంది: “పైనించి కెలకొద్దు పాపా, కింద్నించి బూడిద తియ్.” ఆ మాటలోనే మరమ్మతు సగం ఉంది. మంట మందగిస్తే ముందు చూడాల్సింది కింది రంధ్రం. బూడిద అడ్డుపడి గాలి ఆగి ఉంటుంది. వంచిన ఇనుప చువ్వతో ఇవతలికి లాగితే మంట మళ్లీ లేస్తుంది. కింద శుభ్రంగా ఉన్నా తెల్లటి దట్టమైన పొగ వస్తుంటే పొట్టు చెమ్మగా ఉందన్నమాట. గుప్పెడు తీసి గట్టిగా పిసికి చెయ్యి తెరవండి: ముద్దలా నిలబడితే ఎండలో వేయాలి, పొడిపొడిగా రాలితే పనికొస్తుంది. నల్లటి పొగ, మసి వస్తుంటే గాలి చాలడం లేదు. గిన్నె కింద సందు పెంచాలి. మంట మితిమీరితే కింది రంధ్రానికి పెంకు ముక్క సగం అడ్డం పెడితే సరి. డబ్బాను కదిలించి మంట పెంచాలని చూడటం మాత్రం గోడ కూల్చుకోవడమే.

గోడ కూలితే మొహమాటపడకుండా డబ్బాను ఆరుబయటికి తీసుకుపోయి, ఆరిపోయాక మళ్లీ మొదట్నుంచి కూరాలి. నిప్పు మీద కొత్త పొట్టు కుమ్మరించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గాలిలో చెదిరిన సన్నపొడి ఒక్కసారిగా అంటుకుని మొహం మీదికి మంట లేస్తుంది. ఇంకొక ప్రమాదం కంటికి కనబడదు. మంట ఆరి రవ్వలు మిగిలిన పొయ్యి నుంచి వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. తలుపులు మూసిన గదిలో, చలికాలం వెచ్చదనానికని, అలాంటి డబ్బాను పెట్టుకుని ఎప్పుడూ పడుకోకూడదు.

పొయ్యిని కాపాడుకోవడం పెద్ద పనేం కాదు, కానీ మానకుండా చేయాలి. వాడిన మర్నాడు బూడిద పూర్తిగా చల్లారాక తీసి, రవ్వ లేదని చేత్తో చూసుకున్నాకే ఎరువు దిబ్బకు వేయాలి. గాలి ఎక్కువగా ఉండే ఈ మెట్టప్రాంతంలో ఒక్క రవ్వ గడ్డివాముల వరుసనే కాల్చేయగలదు. మంట తాకే రేకు లోపలి నుంచి త్వరగా తుప్పు పట్టి చిల్లు పడుతుంది. బంకమట్టిలో కాస్త పేడ, వరిపొట్టు కలిపి లోపల అరంగుళం మందాన అలికి ఎండబెడితే రేకు చాలా కాలం ఆగుతుంది, వేడి కూడా లోపలే నిలుస్తుంది. అలుకు బీటలు వారినప్పుడల్లా సరిచేసుకోవాలి. వానాకాలానికి పొట్టును గోనెసంచుల్లో నేల మీద కాకుండా రాళ్ల మీద పెట్టుకోవాలి.

అమెరికాలో స్థిరపడిన మన వాళ్ల పెరళ్లలో ఇప్పుడు ఎక్కువగా కనబడే పెల్లెట్ స్మోకర్‌లో కూడా జరిగేది ఇదే. రంపపు పొట్టును గట్టి గుళికలుగా నొక్కి, మోటారుతో తిరిగే మరచుట్ట ద్వారా చిన్న నిప్పుగిన్నెలోకి కొంచెం కొంచెంగా నెడతారు. ఫ్యాను గాలి కొడుతుంది. ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన జో ట్రేగర్‌కు దీని మీద 1986లో పేటెంటు వచ్చింది. దాని జబ్బులు కూడా మన డబ్బావే. చెమ్మ తగిలిన గుళికలు ఉబ్బి పొడై మరచుట్టలో బిగుసుకుంటాయి. బూడిద నిండిన నిప్పుగిన్నె అంటుకోదు, లేదా ఒక్కసారిగా భగ్గుమంటుంది. పని అయ్యాక ఫ్యాను తిరగనివ్వకుండా కరెంటు తీసేస్తే నిప్పు వెనక్కి పాకి గుళికల పెట్టెను చేరవచ్చు. కాబట్టి వాడిన రెండు మూడుసార్లకొకసారి బూడిద తీయడం, వేడి కొలిచే కడ్డీ మీద మసి తుడవడం, కొవ్వు కారే పళ్లెం కడగడం, మిగిలిన గుళికలను గాలి చొరని డబ్బాలో పెట్టడం తప్పదు. వాళ్లు ఎంతో ఇష్టంగా సంచుల్లో కొనుక్కునే మెస్కీట్ కట్టె మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. 1870ల చివర మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ చొరవతో జమైకా నుంచి ఆ విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం వైపు నాటారు. రైతుకు అది చేను మింగే కంప. పొయ్యికి మాత్రం గట్టి బొగ్గు, కమ్మని పొగ.

ఆ కమ్మని పొగకు రాయలసీమలో తగిన పని ఒకటుంది, అది ఒట్టి తునకలు. పండగకో జాతరకో పొటేలు కోస్తే మిగిలిన మాంసాన్ని కొవ్వు తీసేసి, నార వెంబడి పొడవుగా బద్దలు కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి ఎండ కడతారు. కొవ్వు మిగిలితే కొన్నాళ్లకు ముక్కవాసన వేస్తుంది. అందుకే ఆ పనిలో తొందర పనికిరాదు. మాఘం దాటిన ఎండలో మూడు నాలుగు రోజులకు ముక్క వంచితే విరిగే స్థితికి వస్తుంది. ఆపైన దండెం పొయ్యి మీదికి మారుతుంది. మంటలేని పొగ కావాలి గనుక దీనికి పొట్టు పొయ్యి ఆఖరి గంట అచ్చొస్తుంది. మంట తగ్గి సన్నగా, నీలంగా పొగ సాగే ఆ వేళ, చెయ్యి చాచినంత ఎత్తున దండలు వేలాడదీస్తారు. తెల్లటి చిక్కని పొగ పట్టిస్తే ముక్క చేదెక్కుతుంది. వేపాకు పొగ దోమలకే, మాంసానికి కాదు. ప్లైవుడ్, రంగులు పూసిన చెక్కల రంపపు పొట్టును వంట పొయ్యి దగ్గరికే రానీయకూడదు. అందులోని జిగురు విషవాయువులు విడుస్తుంది. మాంసాన్ని నిలవ ఉంచేది ముఖ్యంగా ఉప్పు, నీరు ఆరిపోవడం. పొగలోని ఫినాల్స్ వంటివి ఈగలను, బూజును దూరం పెట్టే కాపలా మాత్రమే. ఈ తేడా తెలియక, సరిగా ఎండని ముక్కను పొగ మీద భారం వేసి దాచేవాళ్లు ఉన్నారు. మెత్తబడ్డా బూజు పట్టినా దాన్ని కడిగి వండకుండా పారేయాల్సిందే.

పొగ ఆడవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ ఎంత తిన్నదో ఈ పొయ్యిని ఎంత మెచ్చుకున్నా మరవలేం. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి.రాజు 1950ల తొలినాళ్లలోనే పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి రూపొందించి, సామాన్యుల వంటిళ్ల కోసం ఇంగ్లీషులో చిన్న పుస్తకం కూడా రాశారు. కేంద్రం 1983లో మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల పథకం 2002 దాకా నడిచింది. చాలాచోట్ల ఆ పొయ్యిలు కట్టాక గొట్టం మసి దులిపే ధ్యాస లేక, కొన్నాళ్లకే పొగ తిరిగి ఇంట్లోకి తన్నింది. ఈలోగా 1999లో దీపం, తర్వాత 2016లో ఉజ్వల అనే గ్యాసు పథకాలు వచ్చి రోజువారీ వంటను గ్యాసుకు మార్చాయి. అది మంచి మార్పే. పొట్టు పొయ్యికి ఇప్పుడు తగిన చోటు పెరడే. పండగకు పెద్ద గుండిగలో నీళ్లు కాచడం, పచ్చి శనక్కాయలు ఉడకబెట్టడం, గ్యాసు అయిపోయిన రోజు అన్నం వండటం, ఒట్టి తునకలకు పొగ పట్టడం ఇప్పుడు దాని పనులు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పదిహేను కిలోల డబ్బాతో కాకుండా అయిదు కిలోల డబ్బాతో మొదలుపెట్టండి. ఆరుబయట, గాలికి వీపు పెట్టి, పక్కన బక్కెట్టెడు ఇసుక ఉంచుకుని, ముందు నీళ్లు మాత్రమే కాయండి. గంటసేపు పొగ లేకుండా కాలిందంటే కూరడం వచ్చినట్టే. ఆ తర్వాత వంట గిన్నె ఎక్కించండి.