చీకటి నడిమధ్యలో స్విచ్

ఇంజినీరింగ్‌లోని ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) బ్రాంచిలో సర్క్యూట్లు, మెషీన్స్, పవర్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్ అని చాలా సబ్జెక్టులు ఉంటాయి. వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదని అడిగితే నేను సబ్జెక్టు పేరు చెప్పను, ఒక ప్రయోగం పేరు చెబుతాను. ల్యాబ్‌లోని ఆల్టర్నేటర్‌ను, అంటే ఏసీ కరెంటు పుట్టించే మెషీన్‌ను, బయటి సప్లైతో సింక్రనైజ్ చేయడం, అంటే లయ కలిపి జోడించడం. చదువుకునే రోజుల్లో దాన్ని నేను చేశాను, టీచర్‌నయ్యాక ఏళ్ళ తరబడి చేయించాను, ఇప్పుడు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళిన చోటల్లా వైవాలో దాని గురించే అడుగుతున్నాను. అది అర్థమైన పిల్లలకి మన ఇంటికి కరెంటు ఎలా వస్తోందో సగం అర్థమైనట్టే.

ఒకే షాఫ్ట్ మీద ఒక పక్క డీసీ షంట్ మోటారు, ఇంకో పక్క ఆల్టర్నేటర్. త్రీ పాయింట్ స్టార్టర్ హ్యాండిల్‌ను ఒక్కో స్టడ్ మీదుగా నెమ్మదిగా జరుపుతూ మోటారును లేపాలి. నాలుగు పోల్స్ ఉన్న ఆల్టర్నేటర్ 50 హెర్ట్జ్ ఇవ్వాలంటే నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. బ్యాచ్‌లో ఒకరు టాకోమీటర్ పట్టుకుని స్పీడు చదువుతుంటే, ఇంకొకరు మోటారు ఫీల్డ్ రియోస్టాట్ జరుపుతారు, మూడో మనిషి ఆల్టర్నేటర్ ఫీల్డ్ పెంచుతూ ఓల్టేజీని 415కి తెస్తారు. స్పీడు సరిపోయింది, ఓల్టేజీ సరిపోయింది. అయినా స్విచ్ వేయకూడదు. రెండు వైపులా ఫేజుల వరస ఒకటేనా, ఈ క్షణాన రెండు ఓల్టేజీలూ కలిసి లేస్తున్నాయా అన్నది ఇంకా తేలలేదు. అది చెప్పేవి బల్బులు.

స్విచ్‌కి ఇటూ అటూ మధ్య ఒక్కో ఫేజులో రెండేసి ఫిలమెంట్ బల్బులు సిరీస్‌లో కడతారు. రెండెందుకు? ఒక్కో ఫేజులో ఇటు 240 ఓల్టులు, అటు 240 ఓల్టులు ఎదురెదురుగా పడిన క్షణంలో బల్బుల మీద పడేది 480. ఒక్క బల్బు దానికి ఆగదు. ఫేజుల వరస తప్పి ఉంటే మూడు జతలూ ఒకదాని వెనక ఒకటి వెలుగుతూ గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. అప్పుడు మెషీన్ ఆపేసి రెండు వైర్లు అటుదిటు మార్చుకోవాలి. వరస సరిగా ఉంటే మూడూ ఒక్కసారే వెలుగుతాయి, ఒక్కసారే ఆరుతాయి. మన మెషీన్ 49 హెర్ట్జ్, బయట 50 ఉంటే సెకనుకోసారి వెలిగి ఆరుతాయి. రియోస్టాట్‌ను వెంట్రుకవాసి జరిపేకొద్దీ ఆ వెలుగు నిదానిస్తుంది. మూడు నాలుగు సెకన్లకోసారి వచ్చిపోయేదాకా ఓపిక పట్టి, చీకటి నడిమధ్యలో స్విచ్ వేయాలి.

నడిమధ్యలో అని ఎందుకు నొక్కి చెబుతానంటే, ఫిలమెంట్ బల్బు కొద్దిపాటి ఓల్టేజీకి వెలగదు. బల్బు ఆరిందంటే తేడా సున్నా అయిందని కాదు, కంటికి కనిపించనంత తగ్గిందని. ఆరీ ఆరగానే స్విచ్ వేస్తే మెషీన్ కుదుపుతో, పెద్ద చప్పుడుతో జవాబిస్తుంది. సరైన క్షణంలో వేస్తే ఏ చప్పుడూ ఉండదు. పెద్ద పవర్ స్టేషన్లలో ఈ పనికి సింక్రోస్కోపు, ఆటోమేటిక్ రిలేలు ఉన్నాయి. కానీ అవి చూసేదీ ఈ నాలుగే: ఓల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజుల వరస, యాంగిల్.

స్విచ్ పడ్డాక జరిగేది ఇంకా గొప్పది. అంతకుముందు రియోస్టాట్ జరిపితే స్పీడు పెరిగేది. ఇప్పుడు అదే రియోస్టాట్‌ను అంతే జరిపినా టాకోమీటర్ 1500 దగ్గర కదలదు, వాట్‌మీటర్ ముల్లు మాత్రం పైకి పోతుంది. ఆ చిన్న మెషీన్ ఇక తన వేగాన్ని తాను నిర్ణయించుకోలేదు. కాడికి కట్టిన ఎద్దు బలం ఎక్కువ పెడితే బండి బరువులో ఎక్కువ వాటా మోస్తుంది గానీ జోడు ఎద్దును వదిలి ముందుకు పోలేదు కదా, అలాగే. ఆల్టర్నేటర్ ఫీల్డ్ మారిస్తే పవర్ ఫ్యాక్టర్ మారుతుంది తప్ప పవర్ మారదు. తర్వాత డీసీ సప్లైని తీసేయిస్తాను. మెషీన్ ఆగిపోతుందని అందరూ అనుకుంటారు. ఆగదు. "సార్, మోటారు ఆపేసినా తిరుగుతోందే!" అని కనీసం ఒక్కరైనా అంటారు. వాట్‌మీటర్ వైపు చూపిస్తాను. ముల్లు సున్నా దాటి వెనక్కి కొట్టుకుంటూ ఉంటుంది. ఇందాకటి దాకా కరెంటు ఇచ్చిన ఆల్టర్నేటర్ ఇప్పుడు కరెంటు తీసుకుని మోటారై తిరుగుతోంది. ఇదే పని పెద్ద ఎత్తున జరిగే శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. అవి పగలు, రాత్రి అవసరాన్ని బట్టి కరెంటు తయారు చేయగలవు, కింది నీళ్ళను మళ్ళీ పైకి తోడగలవు. ల్యాబ్‌లో చూసిన ఆ వెనక్కి తిరిగిన ముల్లే అక్కడ 900 మెగావాట్ల కేంద్రం.

ఈ ప్రయోగాన్ని పిల్లలకి గాజువాకలోని గ్రిడ్ స్టేషన్‌తో కలిపి చెప్పడం నాకు అలవాటు. 2012 జులై 30 తెల్లవారుజామున బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్ అయింది. దానితో ఉత్తరాది గ్రిడ్‌లోని మెషీన్లు మిగతావాటితో అడుగు కలపలేక విడిపోయి, గ్రిడ్ మొత్తం పడిపోయింది. మర్నాడు ఉత్తరాదితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ పడిపోయాయి. 60 కోట్ల మందికి పైగా జనం ఉన్న ప్రాంతాలకు కరెంటు లేకుండా పోయింది. దక్షిణాదికి మాత్రం ఏమీ కాలేదు. అప్పటికి మన గ్రిడ్ మిగతా దేశంతో సింక్రనైజ్ కాలేదు. ఇరుపక్కల మధ్య ఉన్నవి తాల్చేర్–కోలార్ లాంటి డీసీ లైన్లు, గాజువాకలో ఉన్నటువంటి బ్యాక్ టు బ్యాక్ స్టేషన్లు. గాజువాకలో తూర్పు గ్రిడ్ ఏసీని డీసీగా మార్చి, వెంటనే దక్షిణ గ్రిడ్ ఏసీగా మారుస్తారు. డీసీకి ఫ్రీక్వెన్సీ లేదు, ఫేజు లేదు. అందుకే అటు కుదుపు ఇటు రాలేదు.

2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో సింక్రనైజ్ అయింది. అప్పటినుంచి రామగుండంలో 3000 ఆర్‌పీఎం తిరిగే టర్బైనూ, హిమాలయాల కింద నెమ్మదిగా తిరిగే జల టర్బైనూ ఒకే ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉన్నాయి. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు జనం తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడు దేశం మీద లోడు సుమారు 31,000 మెగావాట్లు పడిపోయింది. జలవిద్యుత్ కేంద్రాలు ఉత్పత్తిని గబగబా దించి, మళ్ళీ ఎక్కించి గ్రిడ్‌ను నిలబెట్టాయి. ఆ రాత్రి కంట్రోల్ రూముల్లో కూర్చున్నవాళ్ళు ఏదో ఒక కాలేజీ మెషీన్స్ ల్యాబ్‌లో ఇలాంటి రియోస్టాట్ పట్టుకున్నవాళ్ళే.

మన కాలేజీల్లో ఈ బ్రాంచికి ఉన్న ఒక బలాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంటర్ చదివి ఈఏపీసెట్‌లో వచ్చినవాళ్ళు, పాలిటెక్నిక్ చదివి ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరినవాళ్ళు ఒకే ల్యాబ్ బ్యాచ్‌లో ఉంటారు. ఇంటర్ పిల్లలు ఫేజర్ డయాగ్రమ్ క్షణంలో గీస్తారు, టెర్మినల్ బాక్స్ తెరిస్తే మాత్రం వెనకాడతారు. డిప్లొమా పిల్లలు కనెక్షన్ చూసి తప్పెక్కడో చెప్పేస్తారు, ఇంటిగ్రేషన్ దగ్గర తడబడతారు. వీళ్ళను ఒకే టేబుల్ దగ్గర నిలబెడితే ఇద్దరికీ చదువొస్తుంది. వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఆ బ్యాచ్‌లో రైతు ఇంటి నుంచి వచ్చిన అమ్మాయో అబ్బాయో ఉంటే ఇంకా మంచిది. ఒక ఫేజు పోయినప్పుడు పొలంలో మోటారును కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీద నడపడం వాళ్ళు చిన్నప్పటినుంచీ చూసి ఉంటారు. అలా నడిపిన మోటారు ఎందుకు వేడెక్కుతుందో, వైండింగ్ ఎందుకు కాలిపోతుందో ల్యాబ్‌లోని ఇండక్షన్ మోటారు దగ్గర లెక్క కట్టి చూసిన రోజున వాళ్ళ ముఖాల్లో వచ్చే వెలుగు కోసమే నేను ఈ ఉద్యోగం వదల్లేదు.

బాధ కలిగించేదీ చెప్పాలి. ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళిన కొన్ని చోట్ల రికార్డులన్నిటిలో రీడింగులు అంకెకి అంకె ఒకటే ఉంటాయి. సీనియర్ రికార్డు ఏళ్ళ తరబడి చేతులు మారుతూ ఉంటుంది. అందుకే నేను రీడింగు అడగను. "స్విచ్ వేసింది మీ బ్యాచ్‌లో ఎవరమ్మా? అప్పుడు చప్పుడు ఎలా వచ్చింది?" అని అడుగుతాను. చేసినవాళ్ళు చేతులు తిప్పుతూ చెబుతారు. చేయనివాళ్ళు కిందికి చూస్తారు. వాళ్ళను నేను తప్పు పట్టను. చాలాచోట్ల ఆల్టర్నేటర్ బ్రష్‌లు అరిగిపోయి పడి ఉంటుంది, బాగుచేయించే డబ్బు ఉండదు, మెషీన్ తెలిసిన ల్యాబ్ అసిస్టెంట్ రిటైరైతే ఆ ఖాళీ అలాగే ఉంటుంది. ఫిలమెంట్ బల్బులు షాపుల్లో దొరకడమూ కష్టమైంది. ఎల్‌ఈడీ బల్బులతో ఈ ప్రయోగం నడవదు. లోపలి డ్రైవర్ సర్క్యూట్ ఓల్టేజీ తగ్గినా వెలుగును పట్టి ఉంచుతుంది. దొరికిన చోట ఫిలమెంట్ బల్బులు ఒక పెట్టె నిండా కొని దాచుకోమని తెలిసిన హెచ్‌వోడీలందరికీ చెబుతున్నాను.

కంప్యూటర్ మీద సిమ్యులేషన్ చేయిస్తున్నామని కొందరంటారు. చేయించాలి, ఫాల్టు కరెంట్లు మెషీన్‌ను కాల్చకుండా చూపడానికి అంతకంటే మంచి దారి లేదు. కానీ స్క్రీన్ మీద తప్పు క్షణంలో స్విచ్ నొక్కితే గీత వంకర పోతుంది, అంతే. ల్యాబ్‌లో అయితే నేల అదురుతుంది. కరెంటు పట్ల ఉండాల్సిన జాగ్రత్త అక్కడే ఒంటికి పడుతుంది.

కంప్యూటర్ సైన్స్ సీట్లు పెరిగి మా బ్రాంచి సీట్లు తగ్గుతున్న మాట నిజం. పని మాత్రం తగ్గలేదు. 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కులో తిరిగే మెషీనే లేదు. ఉన్నవి ఇన్వర్టర్లు. అవీ గ్రిడ్ ఓల్టేజీని, ఫ్రీక్వెన్సీని, యాంగిల్‌ను క్షణక్షణం చదివి దానికి అనుగుణంగానే కలవాలి. బరువైన రోటార్లు తగ్గేకొద్దీ గ్రిడ్‌కి కుదుపును తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఆ లోటును బ్యాటరీలతో, పవర్ ఎలక్ట్రానిక్స్‌తో పూడ్చే పని ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్న పిల్లల మీదే పడబోతోంది.

తల్లిదండ్రులకి ఒక మనవి. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి వెళ్తే బిల్డింగులు, ప్లేస్‌మెంట్ బోర్డులు చూసి తిరిగి రాకండి. మెషీన్స్ ల్యాబ్ ఎక్కడని అడగండి. ఆల్టర్నేటర్‌ను ఒకసారి సింక్రనైజ్ చేసి చూపించమని అడగండి. చూపించలేని కాలేజీని మీ పిల్లల ఈఈఈ ఆప్షన్లలోంచి తీసేయండి.